పసిబిడ్డల జ్ఞానస్నానం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ విశ్వాస చరిత్రలో ఒక పుట

దేవాలయాల శంకుస్థాపనలకు మనం చరిత్ర రాసుకుంటాం. గంట గోపురాలకు, పాఠశాలలకు, కన్యస్త్రీల మఠాలకు, ఆసుపత్రులకు చరిత్ర రాసుకుంటాం. శతాబ్ది సంచికల్లో వాటి ఛాయాచిత్రాలు వేసుకొని సంతోషిస్తాం. కాని ప్రతి కతోలిక కుటుంబంలోనూ జరిగే ఒక చిన్న వేడుకకు కూడా చరిత్ర ఉన్నదన్న ఊహ సాధారణంగా మనకు రాదు. అదే పసిబిడ్డల జ్ఞానస్నానం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లోనూ వాటి చుట్టుపట్ల గ్రామాల్లోనూ నేడు జ్ఞానస్నానమంటే కుటుంబమంతా కలిసి చేసుకునే పండుగ. తల్లి కొత్త చీర కట్టుకొని బిడ్డను ఎత్తుకుంటుంది. తండ్రి పక్కన నిలుస్తాడు. జ్ఞాన తల్లిదండ్రులు కొవ్వొత్తి పట్టుకుంటారు. మేనమామలు బట్టలు తెస్తారు. అమ్మమ్మ తరపువారు, నాయనమ్మ తరపువారు బల్లలన్నీ నింపుతారు. పూజ అయ్యాక అందరూ కలిసి భోజనం చేస్తారు. ఇది ఎప్పటినుంచో ఇలాగే ఉన్నదని చాలమంది అనుకుంటారు. నిజానికి ఈ రూపం మన ప్రాంతంలో కుదురుకొని ఒక్క తరం, మహా అయితే రెండు తరాలు అయింది.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచిన మాట ఒక్కటే. బిడ్డ జ్ఞానస్నానంలో కుటుంబానికి ముందు వరుసలో చోటివ్వడం శ్రీసభ ఆలోచించి చేసిన మంచి పని. అది మన పెద్దలకు దొరకని భాగ్యం. అయితే విందు పెద్దదై సంస్కారం వాయిదా పడితే, లేదా విచారణ పుస్తకంలో బిడ్డ పేరు రాయించడానికి తల్లిదండ్రులకు భయం పుడితే, ఆ భాగ్యాన్ని మన చేతులతో మనమే జారవిడుచుకున్నవారం అవుతాం.

తొలి శతాబ్దాలలో

అపోస్తలుల కార్యములలో లిదియా తన ఇంటివారితో కూడ జ్ఞానస్నానం పొందింది. ఫిలిప్పీ చెరసాల అధికారి తన వారందరితో కలిసి పొందాడు. స్తెఫనా ఇంటివారికి జ్ఞానస్నానం ఇచ్చానని పౌలుగారు కొరింతీయులకు రాశారు. ఇంటివారు అన్న మాటలో పసివారు ఉన్నారా లేదా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదంలోకి మేము పోవడం లేదు. విశ్వాసం మొదటినుంచీ గడప దాటి ఇంటిల్లిపాదినీ తాకిందన్నది మాత్రం అందరూ ఒప్పుకునే విషయం.

3వ శతాబ్ది నాటి ఆచారాలను తెలిపే 'అపోస్తలిక సంప్రదాయం' అనే పుస్తకంలో ముందుగా చిన్నబిడ్డలకు జ్ఞానస్నానం ఇవ్వాలనీ, మాటలు రాని బిడ్డల పక్షాన తల్లిదండ్రులు గాని కుటుంబంలో మరొకరు గాని జవాబు చెప్పాలనీ ఉంది. క్రీ.శ. 253 ప్రాంతంలో కార్తేజు పీఠాధిపతి పునీత సిప్రియాను 66 మంది పీఠాధిపతులతో కూడి ఒక ప్రశ్నను పరిష్కరించారు. పాత నిబంధనలో సున్నతి ఎనిమిదవ దినాన జరిగేది గనుక జ్ఞానస్నానానికి కూడ ఎనిమిదవ దినం దాకా ఆగాలా అన్నదే ఆ ప్రశ్న. ఆగనక్కరలేదని వారు తేల్చారు. ఆ కాలపు క్రైస్తవులు ఎనిమిది దినాల ఆలస్యానికే ఇంత ఆలోచించారు. ఈ సంగతి వ్యాసం చివరిదాకా మన మనసులో ఉండాలి.

మన గడ్డమీదికి విశ్వాసం

హైదరాబాదు ప్రాంతం 1851లో ప్రత్యేక అపోస్తలిక వికారియతుగా ఏర్పడింది. దానికి అధిపతిగా వచ్చినవారు ఐరిష్ దేశస్థులైన దానియేలు మర్ఫీగారు. ఇటలీలోని లొంబార్డీ ప్రాంతంలో 1850లో వేదవ్యాపకుల కోసం ఒక గురువిద్యాలయం వెలసింది. తరువాతి కాలంలో పీమే సభగా మనకు తెలిసిన సంస్థ అదే. ఆ సభ గురువులు 1855లో హైదరాబాదు చేరారు. 1886లో పరిశుద్ధ లియో 13వ జగద్గురువుల కాలంలో హైదరాబాదు మేత్రాసనమైంది. నల్లగొండ ప్రాంతమంతా ఆనాడు దానిలోనిదే. కృష్ణాతీరంలోని బెజవాడ కూడ 1933 వరకు హైదరాబాదు మేత్రాసనంలోనే ఉండేది.

రాజ్యం మాట వేరు. సూర్యాపేట, మిర్యాలగూడ నిజాము ఏలుబడిలోనివి. సూర్యాపేట నుంచి కోదాడకు వచ్చే దారిలోని మునగాల పరగణా మాత్రం చుట్టూ నిజాము రాజ్యం ఉండగా, మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాకు చెందినది. ఒక ఊరు దాటితే దొర మారేవాడు, కచేరి మారేది, చలామణి నాణెం మారేది. జ్ఞానస్నానానికి మాత్రం ఆ సరిహద్దు అడ్డు రాలేదు. పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున తలపై పోసే నీటికి ఇటూ అటూ ఒకే విలువ.

ఆనాటి గురువుల సంఖ్య అతి స్వల్పం. దారులు లేవు. ఒక్క గురువు ఎన్నో గ్రామాలను చూసుకోవలసి వచ్చేది. వానకాలంలో వాగులు పొంగితే నెలల తరబడి గ్రామానికి గురువు దర్శనం ఉండేది కాదు. ఆ ఎడబాటులో విశ్వాసాన్ని కాపాడినవారు ఉపదేశులు. సాయంత్రం పూట కూలి పనులనుంచి వచ్చినవారిని దీపం చుట్టూ కూర్చోబెట్టి జపాలు నేర్పినవారు వారు. ఎవరి ఇంట బిడ్డ పుట్టిందో, ఎవరికి ఇంకా జ్ఞానస్నానం కాలేదో జ్ఞాపకం పెట్టుకొని గురువు వచ్చిననాడు వరుసగా చెప్పినవారు వారు. మన విచారణల పుట్టుకలో వీరి పాలు ఎంతో, వీరి పేర్లు మనకు మిగిలింది ఎంతో ఆలోచిస్తే మనసు బరువెక్కుతుంది.

పండుగ కాని పండుగ

నాటి జ్ఞానస్నానంలో సంబరం కంటే ఆత్రుత ఎక్కువ. కారణం దాచవలసినది కాదు. బిడ్డలు బతికేవారు కారు. స్వాతంత్ర్యం వచ్చిన 24 ఏళ్ల తరువాత కూడ, అంటే 1971లో, మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో 129 మంది ఏడాది నిండకముందే చనిపోయేవారు. 2020 నాటికి ఈ సంఖ్య 28కి తగ్గింది. 1900 ప్రాంతంలో, కలరా, మశూచి గ్రామాలకు గ్రామాలనే ఊడ్చిపెట్టిన రోజుల్లో పరిస్థితి ఎలా ఉండేదో మనం ఊహించుకోవచ్చు. నలుగురు బిడ్డలను కన్న తల్లికి ఇద్దరు దక్కితే అదృష్టమనుకునేవారు.

అందుచేతనే 1917 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం బిడ్డలకు వీలైనంత త్వరగా జ్ఞానస్నానం ఇప్పించాలని ఆజ్ఞాపించింది. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు ఎవరైనా నీరు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చునన్న నియమం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఉపదేశులూ, కన్యస్త్రీలూ, మంత్రసానులూ ఆ పని చేసేవారు. జ్ఞానస్నానం లేక చనిపోయిన బిడ్డ గతి ఏమిటన్న దిగులు ఎందరో తల్లులను జీవితాంతం వేధించింది. ఆ బిడ్డలను దేవుని కరుణకు అప్పగించి, వారి రక్షణను గూర్చి నిరీక్షణ కలిగి ఉండడానికి బలమైన కారణాలు ఉన్నాయని 2007లో రోమాపురిలోని అంతర్జాతీయ వేదాంత సంఘం తేల్చి చెప్పింది. ఆ మాట వినకుండానే కన్నుమూసిన మన నాయనమ్మలను తలచుకొని ప్రార్థించడం మన బాధ్యత.

సంస్కార విధానం కూడ నేటిలాంటిది కాదు. 1614 నాటి రోమను విధాన గ్రంథం ప్రకారం అంతా లతీను భాషలో జరిగేది. గురువు బిడ్డ ముఖంపై మెల్లగా ఊదేవారు, నాలుకపై ఉప్పు వేసేవారు, చెవులను తాకేవారు, తైలం పూసేవారు. నీ పేరేమి, నీవు సైతానును విడనాడుచున్నావా అన్న ప్రశ్నలు బిడ్డనే అడిగేవారు. జ్ఞాన తల్లిదండ్రులు బిడ్డ పక్షాన జవాబు చెప్పేవారు. కన్న తల్లిదండ్రులకు ఆ విధానంలో చెప్పుకోదగిన పాత్ర లేదు. చాలసార్లు తల్లి అక్కడ ఉండేదే కాదు. ఆమె ఇంకా తల్లిగారింట పురుటి మంచం మీద ఉండేది. తరువాత ఎన్నాళ్లకో దేవాలయానికి వచ్చి బాలింత ఆశీర్వాదం అందుకునేది. తన బిడ్డ దేవుని బిడ్డ అయిన ఘడియను తల్లి కళ్లారా చూడలేదు. 3వ శతాబ్దిలో జవాబు చెప్పిన తల్లిదండ్రులు 1614 నాటికి మౌనంగా వెనక నిలిచిపోయారు.

పుస్తకంలో పేరు

అయినా ఆ పేద తల్లిదండ్రులు బిడ్డను ఎత్తుకొని పరుగున వచ్చేవారు. మోక్ష చింత ఒక కారణం. మరొక కారణం కూడ ఉన్నదని మేము నమ్ముతున్నాం. అది విచారణ పుస్తకం.

16వ శతాబ్దిలో త్రెంతు మహాసభ జ్ఞానస్నానాలను, వివాహాలను పుస్తకంలో నమోదు చేయాలని గురువులను ఆదేశించింది. ఆ నియమం సముద్రాలు దాటి మన మట్టి గోడల గుడిసెల దాకా వచ్చింది. పుట్టిన తేదీ, జ్ఞానస్నానపు తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, ఊరి పేరు, గురువు సంతకం. వరుస సంఖ్య ఒకటే. దొరకు ఒక పుస్తకం, కూలికి ఒక పుస్తకం లేవు.

ఈ వరుసలో ఏమున్నదో నేటివారికి వివరించాలి. దేశముఖుల గడీల కాలమది. వెట్టి చేసేవానిని అరే, ఒరే అని పిలవడమే గాని నిండు పేరుతో పిలిచే ఆచారం లేదు. పేరు చివరి అప్ప, అయ్య, అమ్మ అన్న అక్షరాలు కూడ కొందరికే దక్కేవి. అట్టి కాలంలో ఒక గురువు వచ్చి, నీ బిడ్డ పేరేమని మర్యాదగా అడిగి, సిరాతో పుస్తకంలో రాసి, పక్కన తల్లి పేరు కూడ రాయడం చిన్న సంగతి కాదు. జనన నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు బడిలో చేర్చడానికి, వయసు రుజువు చేయడానికి చాలమందికి ఉన్న ఒకే ఒక కాగితం విచారణ గురువు ఇచ్చిన జ్ఞానస్నాన పత్రమే.

పేర్లు కూడ గమనించదగినవి. లతీనులో పెత్రుస్ అని రాసినా, ఇంట్లో పిలుపు రాయప్ప. పేతురంటే రాయి గనుక రాయప్ప. పౌలు అన్న పేరుకు చిన్నవాడని అర్థం గనుక చిన్నప్ప. ఇగ్నేషియసు ఇన్నయ్య అయ్యాడు. సవేరియారు శౌరయ్య అయ్యాడు. జోసెఫు జోజి అయ్యాడు. అన్నమ్మ, మరియమ్మ, లూర్దమ్మ, ఆరోగ్యమ్మ మన ఇళ్ల ఆడబిడ్డలు. విశ్వాసం బయటినుంచి వచ్చినా, పేరు మన నాలుకమీద నలిగి మనదైపోయింది. నల్లగొండ మేత్రాసన పీఠాధిపతుల వరుసలోనే ఒక ఇన్నయ్యగారు, ఒక గోవిందు జోజిగారు ఉన్నారు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు కార్డినలుగా నియుక్తులైనప్పుడు, తెలుగువారిలో ఆ పదవి పొందిన మొదటివారూ, దళితులలో మొదటివారూ వారే. ఏదో ఒక విచారణ పుస్తకంలో ఒకనాడు సామాన్యంగా రాసిన పేర్లే ఇవన్నీ.

రెండు నీళ్లు

మన ప్రాంతానికి రెండు నీళ్లు దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. ఒకటి సాగర్ నీరు, రెండవది సంస్కరించిన జ్ఞానస్నాన జలం.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పారింది. జొన్న, ఆముదం, కంది పండిన చెలకల్లో వరి నాట్లు పడ్డాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణమైంది. కృష్ణా, గుంటూరు జిల్లాలనుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబాలలో కతోలికులు కూడ ఉన్నారు. వారు తమ పునీతుల పండుగలను, పాటలను, గుణదల మాత మొక్కులను వెంట తెచ్చుకున్నారు. ఇక్కడివారి డప్పు, కోలాటం, బగారా అన్నం వాటితో కలిశాయి. ఇప్పుడు కోదాడలో ఒక జ్ఞానస్నాన విందులో కూర్చుంటే ఏ పదార్థం ఏ జిల్లాదో చెప్పడం కష్టం.

ఇదే కాలంలో రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధన సంస్కరణ శాసనాన్ని వెలువరించింది. పసిబిడ్డల జ్ఞానస్నాన విధానాన్ని వారి నిజస్థితికి తగినట్లు మార్చాలని, తల్లిదండ్రుల, జ్ఞాన తల్లిదండ్రుల పాత్రను స్పష్టం చేయాలని అందులో ఆదేశించింది. ఆ ప్రకారం 1969 మే 15న కొత్త విధాన గ్రంథం వచ్చింది. ప్రత్యేకంగా పసిబిడ్డల స్థితిని దృష్టిలో పెట్టుకొని కూర్చిన విధానం శ్రీసభ చరిత్రలో ఇదే మొదటిది. అంతకుముందున్నది పెద్దల విధానానికి సంక్షిప్త రూపమే.

కొత్త విధానంలో గురువు మాట్లాడేది బిడ్డతో కాదు, తల్లిదండ్రులతో. బిడ్డకు ఏ పేరు పెట్టారు, శ్రీసభనుంచి ఏమి కోరుతున్నారు, బిడ్డను విశ్వాసంలో పెంచే బాధ్యత మీకు తెలుసునా అని వారినే అడుగుతారు. తెలుగులో అడుగుతారు, తెలుగులో జవాబు చెబుతారు. బిడ్డ నుదుటిపై గురువు తరువాత తల్లిదండ్రులు కూడ సిలువ గుర్తు వేస్తారు. ముగింపులో తల్లికి వేరుగా, తండ్రికి వేరుగా, సంఘమంతటికీ వేరుగా ఆశీర్వాదం ఉంది. తల్లి రాగలిగే సమయం చూసి, వీలైతే ఆదివారంనాడు, సంఘం మధ్య జరపాలని సూచించారు. పురుటి మంచం మీద మిగిలిపోయిన తల్లిని శ్రీసభ చేయి పట్టుకొని జ్ఞానస్నాన తొట్టి దగ్గరికి తీసుకువచ్చింది. మనం కొత్తగా కనిపెట్టిన వేడుక కాదిది, 3వ శతాబ్ది నాటి తల్లిదండ్రుల స్వరాన్ని తిరిగి సంపాదించుకున్నాం.

1976 మే 31న నల్లగొండ మేత్రాసనం ఏర్పడి, పీమే సభకు చెందిన మాత్యూ చెరియన్‌కున్నేల్‌గారు తొలి పీఠాధిపతులయ్యారు. గురువులు పెరిగారు, విచారణలు దగ్గరయ్యాయి, కొత్త విధానం గ్రామాల దాకా చేరింది. నేడు మనం చూసే కుటుంబ పండుగ ఇలా రూపుదిద్దుకున్నది.

పొరుగు సంఘాలవారు

మన బంధువులలో చాలమంది బాప్టిస్టు సంఘాలవారు. 1890లో అబ్రహాము ఫ్రీసెన్ అనే మిషనరీ నల్లగొండలో పని మొదలుపెట్టిన నాటినుంచి ఆ సంఘాలు ఈ జిల్లాలో బలంగా ఉన్నాయి. వారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. విశ్వాసం స్వయంగా ఒప్పుకున్న తరువాతనే, ముంపు పద్ధతిలో ఇస్తారు. పెళ్లిళ్ల వలన ఒకే ఇంట రెండు ఆచారాలు కలుస్తాయి. బిడ్డకు తెలియకుండా జ్ఞానస్నానం ఏమిటని అటువారు అడుగుతారు. ఇటువారు జవాబు తడుముకుంటారు.

జవాబు కష్టమైనది కాదు. బిడ్డ అడగకుండానే తల్లి పాలిచ్చింది. అడగకుండానే భాష నేర్పింది. దేవుని ప్రేమ కూడ మన అర్హతను, తెలివిని చూసి వచ్చేది కాదు, ముందుగా వచ్చేది. అయితే వారి ప్రశ్నలో మనకు ఒక హెచ్చరిక ఉంది. బిడ్డ తరపున మాట ఇచ్చినవారు ఆ మాట నిలబెట్టుకోకపోతే వారి ఆక్షేపణ నిజమౌతుంది. బిడ్డ విశ్వాసంలో పెరుగుతుందన్న ఆశకు ఆధారం ఉండాలని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం కోరేది అందుకే. పొరుగు సంఘాలలో నీటితో, త్రియేక దేవుని నామమున సక్రమంగా బాప్తిస్మం పొందినవారికి మనం తిరిగి జ్ఞానస్నానం ఇవ్వము. ఇంటికి వచ్చిన కోడలినో అల్లునో ఈ విషయంలో నొప్పించరాదు.

విందు కోసం ఆగే సంస్కారం

ఇక నేటి మాట. ధర్మశాస్త్రం 867వ నియమం పుట్టిన మొదటి కొన్ని వారాలలోనే జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులకు చెబుతున్నది. మన దగ్గర జరుగుతున్నది వేరు. కోదాడ వైపు ఒక కుటుంబం పెద్దబిడ్డకు నాలుగేళ్లు, చిన్నవానికి ఏడాదిన్నర నిండాక ఇద్దరినీ ఒకేసారి తీసుకువచ్చారు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే తండ్రి చెప్పిన కారణాలు వరుసగా ఇవి: మొదట ఇల్లు కట్టడం, తరువాత గల్ఫ్‌లో ఉన్న తమ్మునికి సెలవు దొరకకపోవడం, ఆపైన ముహూర్తాల కాలంలో ఫంక్షన్ హాలు ఖాళీ లేకపోవడం. పక్కనే ఉన్న నాయనమ్మ ఊరుకోలేదు.

"మా కాలంల పురుడు కాకముందే గుడికి తీస్కపోయేటోళ్లు ఫాదర్‌గారూ. ఇప్పుడు హాలు దొరికేదాంక దేవుడు ఆగాల్నట!"

ఆ తల్లి ఒక్క మాటలో ఒక శతాబ్ది చరిత్ర చెప్పింది. అందరూ నవ్వారు, కొడుకు కూడ నవ్వాడు. మేము ఆ కుటుంబాన్ని తప్పుపట్టలేదు. ఆ రోజు వారి సంతోషం నిజమైనది. పెద్దబిడ్డ తన తలపై పడిన నీటిని చేత్తో తుడుచుకొని తమ్ముని వంతు కోసం ఆత్రంగా చూసింది. కాని అప్పుచేసి ఫ్లెక్సీలు, టెంట్లు, వందల విస్తళ్లు సిద్ధం చేయలేని పేద కుటుంబం ఇవన్నీ చూసి, మనకు స్తోమత వచ్చినాక చూద్దామని అనుకుంటే ఆ పాపం ఎవరిది? జ్ఞానస్నానానికి కావలసింది నీరు, విశ్వాసం, శ్రీసభ ప్రార్థన. విందు తరువాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. బిడ్డకు ఏడేళ్లు నిండితే పసిబిడ్డల విధానం వర్తించదనీ, పెద్దల మాదిరి ఉపదేశం పొంది సిద్ధపడాలనీ తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

జ్ఞాన తల్లిదండ్రుల ఎంపికలో కూడ ఒక మాట. డబ్బుగల బంధువును, రాజకీయ నాయకుని, తప్పనిసరిగా సొంత కులంవారినే వెదకడం మనలో ఉంది. 16 ఏళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం పొంది, విశ్వాసానికి తగిన జీవితం గడిపే కతోలికులు కావాలని శ్రీసభ కోరుతున్నది. కులం గూర్చి ఒక్క అక్షరం కూడ లేదు. ఒకే తొట్టి నీటిలో పుట్టినవారు పందిట్లో వేరు వేరు వరుసల్లో కూర్చుంటే ఆ నీటికి మనం ఏమి సమాధానం చెబుతాం?

పుస్తకమంటే భయం

దీనికంటె బరువైన సంగతి మరొకటి ఉంది. కొందరు తల్లిదండ్రులు చాటుగా వచ్చి, జ్ఞానస్నానం ఇవ్వండి గాని పుస్తకంలో రాయవద్దండి అని అడుగుతారు. ఒకనాడు పేరు రాయించుకోవడానికి పరుగున వచ్చినవారి మునిమనుమలు ఇలా ఎందుకు అడుగుతున్నారో మనం అర్థం చేసుకోవాలి.

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించింది. క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం పుచ్చుకున్న షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో చేర్చి 1 శాతం కేటాయించారు. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో షెడ్యూల్డు కుల ధ్రువపత్రం కోరిన అప్పీలును కొట్టివేస్తూ, పసితనంలో పొందిన జ్ఞానస్నానాన్ని కూడ సాక్ష్యాలలో ఒకటిగా పరిగణించింది. గౌరవం కోసం రాయించుకున్న వరుసే బిడ్డ చదువుకూ ఉద్యోగానికీ అడ్డమౌతుందేమోనని తల్లిదండ్రులు వణుకుతున్నారు.

వారిని పిరికివారని నిందించే అధికారం, ఆ కష్టం ఎరుగని మనకు లేదు. అయినా పుస్తకంలో రాయకుండా ఉండడం మావంటి గురువుల చేతిలో లేదు. నమోదు చేయాలన్నది ధర్మశాస్త్రం. అంతకుమించి, దాచిన జ్ఞానస్నానం బిడ్డకు రెండు నాలుకలు నేర్పుతుంది. అన్యాయం పుస్తకంలో లేదు, మతం మారితే కులపు బాధ మాయమౌతుందని భావించే ఉత్తర్వులో ఉంది. మాలపల్లెలో, మాదిగ వాడలో శిలువ గుర్తు వేసుకున్నవానికి కూలి రేటు మారలేదు, ఊరి చూపు మారలేదు. అందుకే భారత కతోలిక శ్రీసభ ఏటా ఆగస్టు 10ని నిరసన దినంగా పాటిస్తున్నది. ఈ విషయం పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. ఈ న్యాయమైన కోరికలో దళిత కుటుంబాల పక్కన నిలబడడం విచారణలోని ప్రతి కులంవారి విధి. వారిని ఒంటరిగా వదిలి, మీరు మాత్రం ధైర్యంగా రాయించుకోండి అని చెప్పడం న్యాయం కాదు.

పుస్తకానికి మిగిలిన పని

2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆనాటినుంచి పుట్టిన బిడ్డలకు బడి ప్రవేశం మొదలు అనేక పనులకు ప్రభుత్వ జనన ధ్రువపత్రమే ఆధారం. జ్ఞానస్నాన పత్రంతో ఇక లౌకికమైన అవసరం దాదాపు లేనట్లే. ఇది నష్టమని కొందరు అంటారు. మాకు అలా తోచలేదు. ప్రభుత్వ పత్రం బిడ్డ ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి పుట్టిందో చెబుతుంది. ఎవరి చేతుల్లో పెరగవలసి ఉందో చెప్పదు. విచారణ పుస్తకంలో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. తరువాత అదే వరుస పక్కన భద్రమైన అభ్యంగనం, వివాహం, గురుపట్టాభిషేకం, సన్యాస మాటపట్టు కూడ నమోదౌతాయి. ఒక మనిషి జీవితమంతా తన జ్ఞానస్నానపు వరుస దగ్గరికే తిరిగి వస్తుంది.

కాబట్టి విశ్వాసులైన తల్లిదండ్రులకు మా మనవి ఇది. బిడ్డ పుట్టిన వారంలోనే విచారణ గురువుకు తెలియజేయండి. తల్లి కోలుకోగానే ఒక ఆదివారం నిశ్చయించుకోండి. జ్ఞాన తల్లిదండ్రులను ఆస్తి చూసి కాక భక్తి చూసి ఎన్నుకోండి. ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ, తాతలు ఉంటే వారి జ్ఞానస్నానం ఎవరు ఇచ్చారో, ఏ ఉపదేశి వారికి జపాలు నేర్పాడో అడిగి రాసిపెట్టుకోండి. వారు వెళ్లిపోతే ఆ చరిత్ర వారితోనే పోతుంది. విందు ఉన్నంతలో పెట్టండి. వాడలో విస్తరి వేయలేని ఇంటి బిడ్డకు కూడ అదే రోజు జ్ఞానస్నానం జరిగితే, ఆ కుటుంబాన్ని మీ పందిట్లోకి పిలవండి.

వాగు దాటి, ఎండలో నడిచి, బతుకుతుందో లేదో తెలియని బిడ్డను గురువు ముందుంచిన మన పెద్దలకు ఏ హాలూ లేదు, ఏ ఛాయాచిత్రమూ లేదు. వారు ఆగలేదు. వారు రాయించిన వరుసల కిందనే నేడు మన పేర్లు ఉన్నాయి. మన బిడ్డల పేర్లు మన పేర్ల కింద ఏ ఆలస్యమూ లేక, ఏ భయమూ లేక చేరునట్లు సర్వేశ్వరుడు మన కుటుంబాలను ఆశీర్వదించును గాక.